రెండు వైపులూ ఒకేలా లేని జాకెట్టు

జాకెట్టు కత్తిరించేటప్పుడు ముందుగా గుడ్డని సగానికి మడుస్తాం. ఒక వైపు సుద్దతో గీసి, రెండు పొరలకీ కలిపి కత్తెర వేస్తాం. కుడి, ఎడమ ఒకేసారి వచ్చేస్తాయి. తెనాలిలో 24 ఏళ్ళుగా మిషన్ తొక్కుతున్నాను. ఆ మడత గురించి ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. 2023లో మా పిన్నికి కుట్టిన జాకెట్టుకి మొదటిసారి గుడ్డ మడవకుండా కత్తిరించాను. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ తప్పు చేశానో, ఏ కొలత ఎందుకు మార్చానో రాసి పెడుతున్నాను. పిన్నిని అడిగాకే రాస్తున్నా. "రాసుకోవే, నా పేరు మాత్రం పెట్టకు. మా ఊరు పేరు కూడా వద్దు" అంది.

పిన్నికి అప్పుడు 54 ఏళ్ళు. 2022 మే నెలలో రొమ్ము క్యాన్సర్ అని ఎడమ వైపు మొత్తం తీసేశారు. చంకలో గ్రంథులు కూడా తీశారు. ఆ తర్వాత కీమో, దాని తర్వాత రేడియేషన్. 2023 జనవరికి అన్నీ అయ్యాయి. మే నెలలో ఆవిడ కూతురి పెళ్ళి. ఫిబ్రవరిలో నా దగ్గరికొచ్చింది, అంటే నా చేతిలో మూడు నెలలు ఉన్నాయి.

మన దేశంలో ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. అయినా ఇన్నేళ్ళలో నా షాపుకి వచ్చి "నాకు ఒక వైపు లేదు, ఎలా కుడతావు?" అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఏడాదికి ఆరేడు జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ ఉన్నట్టుండి రావడం మానేసింది. రెండేళ్ళ తర్వాత బజార్లో కనిపిస్తే వదులు నైటీ మీద చున్నీ వేసుకుని ఉంది. వేరే టైలర్ దగ్గరకి వెళ్తోందేమో అనుకుని మనసులో కాస్త నొచ్చుకున్నాను కూడా. అసలు సంగతి పిన్ని విషయం తెలిశాక గానీ నాకు తట్టలేదు.

పిన్ని ఎలాంటి మనిషో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా ఇళ్ళలో బుట్ట చేతుల జాకెట్టు మొదట వేసుకున్నది ఆవిడే. చీర కొనేముందు దాని మీదకి ఏ రంగు పైపింగ్ వెయ్యాలో తేల్చుకునే రకం. నేను పదో తరగతి సెలవుల్లో కుట్టిన మొట్టమొదటి జాకెట్టు ఆవిడకే. ఒక చెయ్యి ముందు భాగం వెనక్కి తిప్పి అతికించాను. భుజం దగ్గర ఉబ్బి, చెయ్యి ఎత్తితే పట్టేసేది. ఆవిడ దాన్ని వేసుకుని పేరంటానికి వెళ్ళొచ్చి, "అందరూ అడిగారే, ఎవరు కుట్టారని" అంది. ఎందుకు అడిగారో చాలా రోజుల తర్వాత అర్థమైంది.

అలాంటి మనిషి ఫిబ్రవరిలో మా ఇంటికొచ్చి, "మెడ దాకా మూసేసి ఏదో ఒకటి కుట్టి పడెయ్. పెళ్ళిలో పిల్లని చూస్తారు గానీ నన్నెవరు చూస్తారు" అంది.

టీ తాగుతూ కూర్చున్నాం. పమిటకి పిన్ను పెట్టుకోలేదు. ఒంటి పొర వదిలేసి, ఎడమ చేతి మీద నిండుగా పరుచుకుంది. కుడి చెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు. పమిట సర్దడం, కప్పు తీసుకోవడం, మళ్ళీ సర్దడం. నాకు లెక్కపెట్టే జబ్బుంది, కుట్లు లెక్కపెట్టీ లెక్కపెట్టీ. అరగంటలో 23 సార్లు ఆ చెయ్యి పమిట మీదకి వెళ్ళింది. కొలత ఏదైనా సరే, ఈ పనికి అసలు లెక్క ఇదే అని అప్పుడే అనుకున్నాను. ఆ చెయ్యి ఖాళీ అవ్వాలి.

మన చీరకట్టులో ఉన్న ఒక చిక్కు కూడా చెప్పుకోవాలి. చీర కుడి నడుం మీదుగా పైకి వచ్చి, ఎదని దాటి, ఎడమ భుజం మీద పడుతుంది. కుచ్చిళ్ళు పెట్టి పిన్ను పెడితే, ఎడమ పక్కన పమిట అంచు కింద జాకెట్టు కనబడుతుంది. పక్క నుంచి చూస్తే తెలిసేది ఆ వైపే. పట్టుచీర పమిట బరువంతా మోసేదీ ఎడమ భుజమే. ఆపరేషన్ అయింది కూడా ఆ వైపే. మా కట్టుకి ఇది రెండు విధాల ఇబ్బంది.

కొలతలు

మామూలుగా అయితే ఆది జాకెట్టు ఇవ్వమంటాను. పిన్ని పాత ఆది జాకెట్టు నా దగ్గర ఉంది, కానీ దానితో ఇప్పుడు పని లేదు. తలుపేసి, కిటికీ కర్టెన్ లాగి, పలచని నైటీ మీద కొలతలు మొదలుపెట్టాను. ఎడమ వైపుకి టేపు వచ్చేసరికి పిన్ని బిగుసుకుపోయింది. టేపు ఆవిడ చేతికే ఇచ్చేశాను. "ఇక్కడ నుంచి ఇక్కడికి ఎంతుందో నువ్వే చదువు" అని నేను గోడ వైపు తిరిగి పుస్తకంలో రాసుకున్నాను. నాలుగో కొలతకి విసుగొచ్చింది ఆవిడకి. "ఈ వంకర టింకర నాకేం తెలుస్తుంది, నువ్వే పట్టు" అంది. అప్పుడు దగ్గరికి వెళ్ళాను.

పాత కొలత ఎద చుట్టూ 38. ఇప్పుడు 35½. కానీ ఈ చుట్టుకొలత నమ్ముకుంటే పని చెడుతుంది. ముందు భాగం మధ్య గీత నుంచి పక్క కుట్టు దాకా వేరువేరుగా కొలిచాను. కుడి వైపు 10, ఎడమ వైపు 7¾. వీపు రెండు వైపులా ఒకటే. భుజం మాత్రం ఎడమది అర అంగుళం దిగి ఉంది. ఒక పక్క బరువు లేకపోయేసరికి, ఆ పక్క దాచుకోవాలని ముందుకి ముడుచుకోవడం వల్ల, మనిషి నిలబడే తీరే మారిపోయింది.

మొదటి తప్పు ఇక్కడే చేశాను. ఎద దగ్గర ఆకారం కోసం గుడ్డని మడిచి కుట్టే టక్కు కొన ఎక్కడ రావాలో ఎప్పుడూ భుజం నుంచే కొలుస్తాం. కుడి వైపు 10¼ వచ్చింది, ఎడమ వైపుకీ అదే పెట్టాను. కానీ భుజం దిగి ఉంది కదా, ఆ పక్క టక్కు కూడా అర అంగుళం కిందకి దిగిపోయింది. రెండోసారి పిన్నిని చెప్పుల్లేకుండా గుమ్మం పక్కన నిలబెట్టి, నేల నుంచి కొలిచాను. కుడి వైపు నేల నుంచి 43 అంగుళాలు. ఎడమ వైపూ 43 దగ్గరే సుద్ద పెట్టాను. భుజం అబద్ధం చెబుతుంది, నేల చెప్పదు.

చెయ్యి ఇంకో కథ. చంకలో గ్రంథులు తీసేస్తే ఆ చేతిలో నీరు సరిగ్గా పైకి వెళ్ళదు, వాపు వస్తుంది. అందరికీ రాదు, పిన్నికి వచ్చింది. కుడి దండ చుట్టూ 12½. ఎడమది పొద్దున 14, సాయంత్రం 14½. ఒకే చేతికి రెండు కొలతలు. ఆ చేతికి బిగుతు అంచు తగలకూడదని, బీపీ పట్టీ కూడా ఆ చేతికి వెయ్యనివ్వద్దని, సూది గుచ్చుకోకుండా చూసుకోమని ఆస్పత్రిలో చెప్పి పంపారట. ఇది విన్నాక నా పద్ధతి మార్చుకున్నాను. ట్రయల్‌కి ఎడమ వైపు గుండుసూదులు వాడలేదు, అన్నీ టాకాలే వేశాను. ఆలస్యం అవుతుంది, కానీ చిన్న గీత పడినా ఆ చేతికి ఇన్ఫెక్షన్ త్వరగా వస్తుంది.

బీరువాలో ఉన్న సిలికాన్

"అది కొన్నాం గానీ" అని పిన్ని రెండోసారి వచ్చినప్పుడు డబ్బా తెచ్చింది. ఆపరేషన్ తర్వాత ఒక షాపులో సిలికాన్ ప్రోస్థెసిస్, అంటే తీసేసిన రొమ్ము బదులు లోపల పెట్టుకునే అచ్చు, కొన్నారు. కొలత తీసుకోకుండా, "ఇది సరిపోతుందమ్మా" అని అంటగట్టారు. నా వంటింటి త్రాసు మీద పెడితే 460 గ్రాములు. దానికి జేబు ఉన్న లోదుస్తులు వేరే కొనాలని చెప్పినవాళ్ళు లేరు. మామూలు బ్రాలో పెట్టుకుని గుడికి వెళ్ళిందట. ప్రదక్షిణ అయ్యాక సాష్టాంగపడి లేచేసరికి అది ఎద మధ్యలోకి వచ్చేసింది. "కొబ్బరిచిప్ప జారినట్టు జారిందే" అని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ రోజు నుంచి అది బీరువాలోనే ఉంది.

బార్బీ బొమ్మని తయారు చేసిన అమెరికా ఆవిడ రూత్ హ్యాండ్లర్‌కి 1970లో ఇదే ఆపరేషన్ అయింది. దొరికేవాటిలో తనకి సరిపోయేది కనిపించక, తనే ఒక కంపెనీ పెట్టి తయారు చేయించింది. దాని పేరు నియర్లీ మీ. చెప్పుల్లాగా ఎడమదీ కుడిదీ వేరువేరుగా చేయడం అందులో పెద్ద విషయం. బొమ్మల కంపెనీ నడిపిన మనిషికి తట్టింది గానీ, రోజూ ఆడవాళ్ళ ఒంటి కొలతలు తీసే నాకు ఎడమ, కుడి వేరని తట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది.

సిలికాన్ మంచిదే. సరైన సైజు, జేబున్న బ్రా ఉంటే చాలామందికి అదే హాయి. బరువు కూడా అసలుదానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి భుజాలు సమంగా నిలబడతాయి. పిన్నికి వచ్చిన ఇబ్బంది చెమట. గుంటూరు జిల్లా ఎండ, మే నెల, పైగా హోమగుండం పక్కన కూర్చోవాలి. రేడియేషన్ పడిన చర్మం మీద అది అంటుకుని మంట పుడుతోందంది. అందుకని బట్టతోనే చెయ్యాలనుకున్నాం. గాయం పూర్తిగా మానిందనీ, తేలికగా ఉండేది పెట్టుకోవచ్చనీ సర్జన్‌ని అడిగి తెలుసుకున్నాకే మొదలుపెట్టాను.

చెడగొట్టిన రెండు

మొదటిదాన్ని మా ఆయన పాత పంచెతో కుట్టాను. జాకెట్టు లైనింగ్‌లోనే దూది దిండు లాగా పెట్టి కుట్టేశాను. అద్దం ముందు నిలబడితే చక్కగా ఉంది. "బాగానే ఉందే" అంది పిన్ని. చేతులు ఎత్తమన్నాను. చేతులతో పాటు జాకెట్టు లేచింది, జాకెట్టుతో పాటు దిండు లేచింది. కుడి వైపుది ఉన్నచోటే ఉంది, ఎడమది మెడ కిందకి వచ్చింది. ఇద్దరం అద్దంలో ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

రెండోదానిలో దూది తీసేసి ఆవాలు పోశాను. బరువుగా ఉంటే కిందకి ఉంటుంది కదా అని. ఉంది. కానీ నడిస్తే గలగలమంది. పైగా ఆవాలన్నీ అడుగుకి చేరి, పై భాగం ఖాళీ సంచిలా వేలాడింది. మా అమ్మ ఆ చప్పుడు విని పక్క గదిలోంచి, "పోపు పెడుతున్నారా?" అంది.

ఈ రెండూ నేర్పింది ఒకటే. జాకెట్టు కదులుతుంది, ఒళ్ళు కదలదు. దిండు జాకెట్టుకి కాదు, ఒంటికి అతుక్కుని ఉండాలి. అంటే రెండు వేరువేరు బట్టలు కావాలి. లోపల ఒక బాడీ, పైన జాకెట్టు. మా అమ్మమ్మ కాలంలో బాడీ అని ఇంట్లోనే కుట్టుకునేవాళ్ళు, ముందు బొత్తాలతో, వెడల్పు పట్టీలతో. దానికే తిరిగి వెళ్ళాను.

బాడీ

గుడ్డ మల్‌మల్, రెండు పొరలు. నీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఆరేశాక కత్తిరించాను. ముందే కుంచించుకుపోతే తర్వాత బెడద ఉండదు. భుజం పట్టీలు 1¾ అంగుళం వెడల్పు. సన్నని పట్టీ అయితే దిగిన భుజాన్ని కోసేస్తుంది. కింద రెండు అంగుళాల నడుం పట్టీ. మెత్తటి ఎలాస్టిక్ వీపు వైపు మాత్రమే పెట్టాను. కుట్ల మచ్చ అడ్డంగా చంక దాకా వెళ్ళింది, ఆ దారిలో ఎలాస్టిక్ రాకూడదు.

అన్ని కుట్లూ తిరగేసి వేశాను. మామూలుగా మార్జిన్ లోపలికి, నునుపు పైకి ఉంటుంది. ఇందులో నునుపు చర్మానికి, మార్జిన్ బయటికి. చూడడానికి తిరగేసి వేసుకున్నట్టు ఉంటుంది. ఎలాగూ పైన జాకెట్టు ఉంటుంది కదా.

ముందు తెరుచుకునేలా ఐదు టిచ్ బటన్లు పెట్టాను. ఆపరేషన్ తర్వాత పిన్ని ఎడమ చెయ్యి వెనక్కి పూర్తిగా తిరగదు కాబట్టి వెనక హుక్స్ అనే మాటే లేదు. వెల్క్రో పెడదామనుకున్నా, కానీ అది మల్‌మల్‌ని పీకేస్తుంది, చర్మాన్ని గీకుతుంది. వేసుకునేటప్పుడు ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి. తీసేటప్పుడు తిరగ. ఇది పిన్నికి ఆస్పత్రిలో నర్సు నేర్పింది, నాకు పిన్ని నేర్పింది.

ఎడమ వైపు చర్మం పక్కన ఇంకో పొర వేసి జేబు చేశాను. జేబు నోరు చంక వైపు మూడున్నర అంగుళాలు. పై నుంచి తెరిస్తే వంగినప్పుడు దిండు బయటికి వస్తుంది. పక్క నుంచి అయితే రాదు.

దిండు ఆకారం కోసం గుండ్రంగా గీసి గీసి విసిగిపోయాను. చివరికి మామిడి పిందె దొరికింది. మనం పైటంచుల మీద వేసే మామిడి పిందే, తోక చంక వైపుకి వంగి ఉండాలి. ఎందుకంటే ఆపరేషన్‌లో ఎద ఒక్కటే కాదు, చంక పక్కన కొవ్వు కూడా కొంత పోతుంది. అక్కడ గుంట పడుతుంది. గుండ్రటి దిండు ఆ గుంటని నింపదు. జాకెట్టు అక్కడ ముడతలు పడితే టైలర్లు చేసే మొదటి పని ఆ గుడ్డ లాగి పక్క కుట్టులో కలిపేయడం. నేనూ అదే చేశాను ముందు. లాగినకొద్దీ గుంట ఇంకా బయటపడింది. గుంట ఉన్నచోట గుడ్డ తగ్గించకూడదు, కింద నింపాలి. మామిడి పిందె తోక ఆ పని చేసింది.

లోపల దిండ్లలో నింపే మెత్తటి ఫైబర్ పెట్టాను. అడుగున చిన్న సంచిలో సజ్జలు 130 గ్రాములు. ఆ సంచిని నాలుగు గళ్ళుగా కుట్టాను, ఒక గడిలోవి ఇంకో గడిలోకి పోకుండా. మొత్తం 190 గ్రాములు. సిలికాన్‌లో సగం కన్నా తక్కువ, కానీ లేచి రాకుండా ఉండడానికి చాలు. సజ్జలు బాగా ఎండబెట్టాలి, లేకపోతే పురుగు పడుతుంది. ఉతకాలంటే దిండు బయటికి తీసి బాడీ ఒక్కటే ఉతుక్కోవచ్చు.

జాకెట్టు

ఇక్కడే గుడ్డ మడవకుండా కత్తిరించింది. పాత పెళ్ళిపట్టుచీర కట్టుకుందామని పిన్ని తెచ్చింది. తూకం వేస్తే 900 గ్రాములు. అందులో పమిట ఎడమ భుజం మీద. "పిన్నీ, ఇది ఐదు గంటలు మొయ్యలేవు" అన్నాను. ఒప్పుకోలేదు. ఒక పూట ఇంట్లో కట్టుకుని పని చేసుకోమన్నాను. మధ్యాహ్నానికి ఫోన్ చేసి, "సరే, వేరే చూడు" అంది. ఉప్పాడ జమదానీ పట్టు తీసుకున్నాం, నెమలికంఠం రంగు. దాని బరువు 450 దాటలేదు. ఉప్పాడ చీరలో బుటాలు మగ్గం మీదే నేతలో వస్తాయి, వెనక దారాలు వేలాడవు. జాకెట్టు ముక్క ఒంటికి తగిలినా గరుకు ఉండదు. ఇది నేను ముందు ఆలోచించి కొన్నది కాదు, కొన్నాక కలిసొచ్చింది.

చంక విషయంలో మా అమ్మమ్మ రవికని నకలు కొట్టాను. పాత రవికలో చంక కింద చదరపు ముక్క ఒకటి ఉండేది. ఆ ముక్క ఉంటే చెయ్యి ఎత్తినా ఒంటి భాగం లేవదు. ఇప్పుడు చంక లోతుగా కోసేసి, "ఫ్రీగా ఉంటుంది" అంటాం. నిజానికి చంక ఎంత కిందకి దిగితే చెయ్యి ఎత్తినప్పుడు జాకెట్టు అంత పైకి లేస్తుంది. చంక పైకి పెట్టి, రెండున్నర అంగుళాల చదరపు ముక్కని మూలగా వేశాను. రెండు వైపులా వేశాను, ఒక్క వైపే వేస్తే అదో గుర్తులా ఉంటుందని.

చేతులు మోచేయి కిందదాకా. ఎడమ చేతి గుడ్డ వెడల్పు కుడి చేతికన్నా ఒకటిన్నర అంగుళం ఎక్కువ. "తేడా తెలుస్తుందేమో" అని పిన్ని టెన్షన్. ఒక మనిషి రెండు మోచేతులూ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడరు. చూసేది బార్డర్‌ని. బార్డర్ రెండు చేతులకీ నేల నుంచి ఒకే ఎత్తులో వచ్చేలా చూశాను. ఎడమ చేతి కుట్టులో రెండు వరసల హుక్స్ దాచిపెట్టాను, లోపల పట్టీతో. సాయంత్రం వాపు వస్తే వదులు వరసకి మార్చుకోవచ్చు. వాపు తగ్గడానికి వేసుకునే చర్మం రంగు బిగుతు తొడుగు ఆ చేతికి ఉంటుంది, అది మోచేతి కింద కొంచెం కనబడుతుంది. దాన్ని దాచలేదు. గాజులు ఆ చేతికి రెండు ఎనిమిది, కుడి చేతికి రెండు ఆరు. తొడుగు మీద వదులుగా పడ్డాయి.

పమిట పిన్ను నాకు భయం పెట్టింది. పెళ్ళి హడావిడిలో ఎవరో ఒకరు వచ్చి ఆ భుజం దగ్గరే పిన్ను గుచ్చుతారు. అందుకని భుజం కుట్టు కింద చిన్న పట్టీ వేసి, దానికి రెండు టిచ్ బటన్లు పెట్టాను. పమిట కుచ్చిళ్ళని ముందే ఇస్త్రీ చేసి, టాకాలు వేసి, వాటికీ అవే బటన్లు. టక్, టక్ అని నొక్కితే అయిపోతుంది. ఇప్పుడు ఇది మామూలు గిరాకీకి కూడా కుడుతున్నాను. పిన్నుతో చిరిగే పట్టుచీరల బాధ తప్పుతుందని జనం ఇష్టపడుతున్నారు.

బాబాయి కాళ్ళు

పెళ్ళికి పది రోజుల ముందు మొత్తం వేయించి రిహార్సల్ పెట్టాను. అద్దం ముందు నిలబడితే చాలదు, పెళ్ళిలో చేసే పనులన్నీ చేయించాలి. వంగడం, నేల మీద కూర్చుని లేవడం, అక్షింతలు వేయడం, ఎవరైనా వచ్చి వాటేసుకోవడం. పెళ్ళికూతురి తల్లి చెంబుతో నీళ్ళు పోస్తుంటే తండ్రి పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతాడు కదా. దానికి పెళ్ళికొడుకు కావాలి. బాబాయి పేపర్ చదువుకుంటుంటే పిలిచాను. ఆయన లుంగీ సర్దుకుని కుర్చీలో కూర్చుని, పళ్ళెంలో కాళ్ళు పెట్టి, "కట్నం సంగతి తేలాక" అన్నారు. పిన్ని చెంబెత్తి నీళ్ళు పోసింది, కొన్ని లుంగీ మీద కూడా.

నేను పక్క నుంచి చూస్తున్నా, నాకు ఏమీ తేడా కనిపించలేదు. బాబాయి తల ఎత్తి, "వంగినప్పుడు ఎడమ పక్క మెడ తెరుచుకుంటోందమ్మా" అన్నారు. నిజమే. ఎదురుగా, కిందనుంచి చూసేవాళ్ళకే అది తెలుస్తుంది. పెళ్ళిలో అక్కడ కూర్చునేది అల్లుడు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ మాట ఎత్తడానికే జంకిన మనిషి, గుడ్డ గురించి అయితే మామూలుగా చెప్పేశారు. మెడ అంచు లోపల అర అంగుళం టక్కు వేసి, పైపింగ్‌ని కాస్త లాగి కుట్టాను. మళ్ళీ చెంబు, మళ్ళీ నీళ్ళు. ఈసారి తెరుచుకోలేదు.

మెడ ముందు అయిదున్నర అంగుళాలు, వెనక ఆరు పెట్టాను. వెనక ఆరు అంటే పిన్ని లెక్కలో మూసేసినట్టే. అడిగితే, "చాల్లే" అంది.

పెళ్ళి రోజు

జుట్టు అప్పటికి రెండు మూడు అంగుళాలు వచ్చింది. సవరం కట్టడానికి ఆధారం లేదు. విగ్గు తెస్తామన్నారు పిల్లలు. "ఉన్నది దువ్వుతా" అంది. చెవుల పక్కన నెరిసిన పొట్టి జుట్టు, నెమలికంఠం పట్టు. నేను బటన్లు నొక్కాను. అద్దంలో ముందు చూసుకుంది, తర్వాత ఎడమ పక్కకి తిరిగి చూసుకుంది. ఆ వైపు తిరగడం నేను చూడడం అదే మొదటిసారి. ఏమీ అనలేదు. చెవి లోలకు సరిచేసుకుని, "పెళ్ళివాళ్ళు దిగారా?" అంటూ వెళ్ళిపోయింది.

రాత్రి వాపు వచ్చింది, అనుకున్నట్టే. పదిన్నరకి హుక్స్ రెండో వరసకి మార్చాం. హోమం పొగకి చెమటలు పట్టాయి, బాడీ తడిసింది కానీ మంట పుట్టలేదంది. వీడియో వచ్చాక కూర్చుని లెక్కపెట్టాను. కన్యాదానం ముక్క 11 నిమిషాలు. కుడి చెయ్యి పమిట మీదకి రెండుసార్లు వెళ్ళింది. ఒకసారి పొగకి కళ్ళు తుడుచుకోవడానికి. రెండోసారి అప్పగింతల మాట ఎవరో ఎత్తితే.

తర్వాత

అన్నీ కుదిరాయని చెప్పను. వానాకాలంలో సజ్జలు చెమ్మగిల్లి వాసన వచ్చాయి. ఇప్పుడు మూడు నెలలకోసారి మారుస్తున్నాను. బాడీ రెండోది కుట్టినప్పుడు నడుం పట్టీ అర అంగుళం తగ్గించి తప్పు చేశాను, పైకి చుట్టుకుపోయింది. రెండు అంగుళాలు ఉండాల్సిందే. రోజూ వేసుకోవడానికి పిన్ని ఇప్పుడు సరైన సైజు సిలికాన్ కొనుక్కుంది, అది కూడా నా బాడీ జేబులోనే పెట్టుకుంటోంది. దానికోసం జేబు వెడల్పు చేశాను. వేసవిలో మాత్రం సజ్జల దిండే.

పిన్ని ద్వారా ఇంకో ముగ్గురు వచ్చారు. ఇద్దరికి ఇలాగే కుట్టాను. మూడో ఆవిడ, స్కూల్లో టీచరు, కూర్చోగానే చెప్పేసింది: "నాకు జేబులు, దిళ్ళు వద్దమ్మా. ఒక పక్క లేదు, లేనట్టే కుట్టు. ముడతలు మాత్రం పడకూడదు." ఆ పని ఇంకా కష్టం. ఎడమ ముక్కకి టక్కు లేదు, కుడి ముక్కకి రెండు. గళ్ళ గుడ్డ తెచ్చింది, గళ్ళు మధ్య గీత దగ్గర కలవాలి. మూడుసార్లు విప్పాను. అది వేసుకుని నిటారుగా నడిచి వెళ్తుంటే, అందరికీ ముందు దిండు గురించే ఎందుకు మాట్లాడతానా అనిపించింది. ఇప్పుడు ముందు అడుగుతున్నాను: కావాలా, వద్దా?

మొన్న పిన్ని ఫోన్ చేసింది. కూతురికి సీమంతం. "ఆ జాకెట్టు బాగానే ఉంది గానీ, వెనక మెడ అలా పైకి పెట్టావేమే, ముసలిదానిలా ఉన్నాను ఫోటోల్లో. ఈసారి తొమ్మిది దించు. డోరీ పెట్టి కుచ్చులు వేలాడెయ్" అంది. ఆరే చాలన్నది నువ్వే కదా అంటే, "నేను అన్నానా?" అంది.

తొమ్మిది దించితే బాడీ వీపు పట్టీ బయటికి కనిపిస్తుంది. పట్టీ కిందకి తెస్తే ఎడమ భుజం బరువు ఎక్కడ ఆనాలి? పట్టీలని వెనక ఇంటూ గుర్తులా వేసి నడుం దగ్గర కలపచ్చేమో. రెండుసార్లు పేపర్ మీద కత్తిరించాను, రెండూ కుదరలేదు. సీమంతానికి ఇంకా మూడు వారాలుంది. పంచె ముక్క ఒకటి మిగిలింది, రేపు దానిమీద చూడాలి.